కర్గీ రోడ్‌లో నా ఇద్దరు పిల్లలు

ఈ మధ్య రైళ్ళలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఇది నా ఫిర్యాదు. మొన్న బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్తుంటే ఎదురు సీట్లో నా వయసు పెద్దమనిషే ఒకాయన కూర్చున్నాడు. ఊరేది, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది, మోకాళ్ళెలా ఉన్నాయి, ఒక్క ప్రశ్న లేదు. నేనే ఉండబట్టలేక "ఎక్కడిదాకా?" అన్నాను. ఆయన మాట్లాడకుండా చేతిలో ఫోను నా వైపు తిప్పి మ్యాపు చూపించాడు. తర్వాత మేమిద్దరం ప్రశాంతంగా, పరమ బోరుగా ప్రయాణం చేశాం.

ఆ రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఎనభైల చివర, ఛత్తీస్‌గఢ్ ఇంకా రాష్ట్రం కాకముందు, మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక మనిషి తుమ్మితే పక్క లైను క్వార్టర్లలో వాళ్ళు మిరియాల కషాయం పెట్టేవారు. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి పట్టాల పక్కన స్థిరపడ్డవాళ్ళే. మా తాత పట్టాలు వేశాడు, నాన్న వాటి మీద ఇంజను నడిపాడు, అన్నయ్య నడపడానికి డీజిల్ షెడ్‌లో తయారవుతున్నాడు. నేనొక్కణ్ణే బీఎస్సీ జువాలజీ. బొద్దింక సంసార జీవితం గురించి, కప్ప సంతానం గురించి నన్ను అర్ధరాత్రి లేపి అడిగినా బొమ్మ గీసి చూపించేవాణ్ణి. మనిషి దాకా మా సిలబస్ రాలేదు.

మనిషి గురించి మాకు తెలిసిందల్లా రెండు చోట్ల నుంచి. ఒకటి, రైల్వే ఆసుపత్రి గోడ మీద గీసిన కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం. దాని పక్కన నవ్వుతున్న అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలు. (అదేదో కొత్త సిగ్నల్ అని చిన్నప్పుడు చాలా కాలం నమ్మాను. మా కాలనీ పిల్లలకి ఎర్రగా ఏది కనిపించినా ఆగడం అలవాటు. తర్వాత తెలిసింది, నేను అనుకున్నది మరీ అంత తప్పేమీ కాదని.) రెండోది రేడియో. పాటకీ పాటకీ మధ్య కుటుంబ నియంత్రణ ప్రకటన రాగానే మా ఇంట్లో అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చేవి. అమ్మ అప్పుడే దింపిన అన్నాన్ని మళ్ళీ చూడ్డానికి వెళ్ళేది, నాన్న దగ్గేవాడు, అన్నయ్య చెప్పులు వెతికేవాడు. పాట మొదలయ్యాక ఒక్కొక్కరే తిరిగొచ్చి కూర్చునేవారు. ఇక కాలేజీ మిత్రబృందం సంగతి చెప్పక్కర్లేదు. ఇంగువ ఎక్కువ తింటే చాలని ఒకడు, అమావాస్యకి భయం లేదని ఇంకొకడు, మాత్ర వేసుకోవలసింది మగవాడేనని మూడోవాడు. ఈ మూడోవాడు తర్వాత పెద్ద కుటుంబీకుడయ్యాడు.

ఇలాంటి ఇంటికి మా వదిన కోడలిగా వచ్చింది. బొబ్బిలి పిల్ల, లెక్కల్లో డిగ్రీ పాసైంది. హిందీ ఒక్క ముక్క రాకుండా దిగి, మూడు నెలలు తిరక్కుండానే సదర్ బజార్ బట్టల కొట్టతనితో బేరమాడి, అతన్ని నీరసపడేలా చేసి, గెలిచి వచ్చింది. అదే ఊపులో ఎవరికీ చెప్పకుండా బీఎడ్‌కి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. చెప్పక తప్పలేదు. చెప్తే నాన్న "మంచిదే కదా" అన్నాడు. అమ్మ "సదువుకోనీ, ఏటి పోనాది" అంది గానీ, ఆ వెంటనే "పురిటికి సెలవిస్తారేటి?" అని కూడా అడిగింది. అమ్మకి మనవడి మీద ధ్యాస అప్పటికే మొదలైంది. పక్క క్వార్టర్ కోడలు కిందటేడు ఇలాగే బీఎడ్‌లో చేరి, వేవిళ్ళతో మూడో నెలలో మానేసి, ఇప్పుడు చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడి కాలేజీకి వెళ్ళే ఆడపిల్లల్ని చూస్తూ ఉండేది. వదిన ఆమెని రోజూ చూసేది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య నన్ను సైకిల్ బాగుచేసే మిషతో పెరట్లోకి పిలిచాడు. సైకిల్‌కి ఏ రోగమూ లేదు. కాసేపు ఇద్దరం దాని చెయిను వైపు గౌరవంగా చూశాం. తర్వాత అన్నయ్య చెయిన్‌తోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు. వదిన చదువు పూర్తయ్యేదాకా పిల్లలు వద్దనుకుంటోందట. తనకీ ఇష్టమేనట. కానీ దానికి కావలసింది తేవడం ఎలాగో తెలియడం లేదట.

"ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు కదా," అన్నాను.

"ఇచ్చేవోడెవడు? కాంపౌండర్ మామ. ఆదివారం పూట మనింట్లో సేపల పులుసు తినే మామ. అడగమంటావేటి?"

"సదర్ బజార్లో?"

"ఆ మందుల కొట్లో మన కాలనీవోళ్ళు నేని టైమ్ ఎప్పుడన్నా ఉన్నాదా?" అన్నాడు అన్నయ్య. వేల టన్నుల గూడ్సుని ఘాట్‌లో అదుపు చెయ్యడం నేర్చుకుంటున్న మనిషి, అరచేతిలో పట్టే పొట్లం ముందు చెమటలు పట్టి నిలబడ్డాడు. "నువ్వెల్లు. నువ్వు జువాలజీ కదా."

శాస్త్రం మీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నాను.

ఇక్కడ మా ఇద్దరి బుర్రలూ కలిసి చేసిన తప్పొకటి ఉంది. దాన్ని రైలు వాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యలేరు. దగ్గర్లో ఉన్న మస్తూరీ అనే ఊరికి బస్సుంది. అక్కడ మమ్మల్ని ఎరిగిన పిట్ట కూడా లేదు. వెళ్ళి, కొనుక్కుని, తిరిగొచ్చేస్తే ఈ కథే లేదు. కానీ బస్సు అనేది మా ఆలోచనలోకే రాలేదు. మా దృష్టిలో బస్సులో వెళ్ళేవాళ్ళు వేరే మనుషులు, పాపం. దూరంగా వెళ్ళడమంటే లైన్ మీద నాలుగు స్టేషన్లు దాటడమే. కాబట్టి ఎవరికీ తెలియకుండా ఉండాలని నేను కర్గీ రోడ్ స్టేషన్‌కి కట్నీ ప్యాసింజర్ ఎక్కాను. అంటే మా నాన్న ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న లైన్ మీద, ఆయన పేరు చెప్తే ప్రతి స్టేషన్‌లోనూ టీ ఇచ్చే లైన్ మీద, రహస్యంగా బయల్దేరాను.

బండి కదలగానే నాన్న స్నేహితుడు టీసీ బాబాయి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటిరా, ఇటెక్కేవు? కాలేజీ నేదేటి?"

"ప్రాక్టికల్స్‌కి బాబాయ్. కప్పలు కావాలి. కర్గీ రోడ్ దాకా."

"కప్పలకి కర్గీ రోడ్ ఎల్తన్నావా?" బాబాయి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "మన క్వార్టర్ల ఎనక మోరీలో నేవేటి?"

"అవి వేరే జాతి బాబాయ్."

"అచ్ఛా," అన్నాడాయన. ఆ రెండక్షరాల్లో మా చదువుల మీద ఆయనకున్న అభిప్రాయమంతా ఉంది.

కర్గీ రోడ్ స్టేషన్ బయట ఒకటే మందుల దుకాణం. నేను దాని ముందు నుంచి అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిచి, జనం తగ్గాక వెళ్దామనుకున్నాను. జనం నన్ను చూడ్డానికే ఆగుతున్నట్టు అనిపించి లోపలికి వెళ్ళిపోయాను. దుకాణంలో తెల్లటి మీసాల సేఠ్ ఉన్నాడు. గోడ మీద క్యాలెండర్ వైపు వేలు చూపించాను. క్యాలెండర్ మీద ఎర్ర త్రికోణం ఉంది. సేఠ్‌కి అర్థమైంది. అర్థమైన మనిషి చప్పున పొట్లం కట్టి ఇవ్వచ్చు కదా. ఇవ్వలేదు. ఆయన దయగల మనిషి, నా బాగు కోరాడు.

"షాదీ హో గయీ, బేటా?" అన్నాడు, దుకాణమంతా వినబడేలా.

పెళ్ళి కాలేదంటే ఏమవుతుందో ఊహించాను. అయిందన్నాను.

"బచ్చే?"

పిల్లలు లేరంటే ఇప్పుడే ఇదెందుకని ఉపన్యాసం మొదలుపెడతాడేమోనని, గోడ మీద బొమ్మలో ఉన్న లెక్కే చెప్పేశాను. "దో."

సేఠ్ మొహం వెలిగిపోయింది. బల్ల అవతలి నుంచి నా భుజం తట్టి, బెంచీ మీద కూర్చున్నవాళ్ళని, గుమ్మంలో ఉన్నవాళ్ళని పిలిచి, "చూడండయ్యా, ఈ వయసుకే ఇద్దరు పిల్లలు, అయినా ఎంత తెలివి!" అని హిందీలో ప్రకటించాడు. అయిదుగురు పిల్లలున్న రైతు ఒకాయన నా వైపు వింతగా చూశాడు. ఒక ముసలమ్మ నా పిల్లల్ని దీవించింది. నా జీవితంలో అంతమంది ఒకేసారి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. (మళ్ళీ జరగలేదు.) మొహమాటపడుతూ కాస్త నవ్వాను కూడా. పెద్దది ఆడపిల్లనీ, రెండోవాడు అల్లరివాడనీ చెప్పినట్టు గుర్తు. అడిగారు మరి.

ఆ గుమ్మంలో ఉన్నవాళ్ళలో స్టేషన్‌లో బళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడున్నాడని నాకు తెలీదు. పలాస మనిషి. పళ్ళపొడి కోసం వచ్చాడు. అతను నన్ను ఎరుగును, మా నాన్నని ఇంకా బాగా ఎరుగును. అతను స్టేషన్ మాస్టర్‌కి చెప్పాడు. కంట్రోల్ ఫోన్ అని ఒకటుండేది. లైన్ మీద స్టేషన్లన్నిటినీ బిలాస్‌పూర్ ఆఫీసుతో కలిపే ఫోన్. ఒకరు మాట్లాడితే లైన్‌లో ఉన్నవాళ్ళందరూ వినచ్చు. బళ్ళ రాకపోకల కోసం పెట్టింది. ఆ రోజు నేనెక్కిన తిరుగు ప్యాసింజర్‌ని ప్రతి స్టేషన్‌లోనూ ఆపి గూడ్సులకి దారి ఇచ్చారు. నా వార్తకి మాత్రం అన్ని గూడ్సులకంటే ముందే దారి ఇచ్చారు.

దారిలో పచ్చజెండా పట్టుకున్న ప్రతి మనిషీ జెండా సంగతి మర్చిపోయి నా కిటికీ వైపు చూశాడు. టీసీ బాబాయి మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ప్రశ్నలు లేవు. నా భుజం మీద చెయ్యి వేసి, "మనుసులన్నాక తప్పులు సేత్తార్రా. ఇంట్లో సెప్పియ్. ఎన్నాల్లని దాత్తావు," అన్నాడు. కప్పలు దొరకలేదని ఓదారుస్తున్నాడనుకున్నాను. "వచ్చేవారం మళ్ళీ వెళ్తాను బాబాయ్," అన్నాను. ఆయన లేచి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

బిలాస్‌పూర్ ప్లాట్‌ఫామ్ మీద నాన్న నిలబడి ఉన్నాడు. "ఇంటికి పద," అన్నాడు. ఆయన ముందూ నేను వెనకా క్వార్టర్ దాకా నడిచాం. మా గుమ్మం ముందు కాలనీ ఆడవాళ్ళు పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉన్నారు. లోపల అమ్మ తల మీద తడిగుడ్డ వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే గుడ్డ తీసేసింది.

"ఓలమ్మ, నా కొంప ముంచీసేడమ్మా! ఎవుతెరా అది?"

"ఎవరమ్మా?"

"కర్గీ రోడ్‌లో కాపురమెట్టీసి, ఎవరని నన్నడుగుతావేటి? తెలుగు పిల్లేనా?"

నాకు అప్పుడు మొత్తం లైన్ క్లియరైంది. నేను నోరు తెరిచేలోపలే అమ్మ కళ్ళు తుడుచుకుని, గొంతు మార్చి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది. "పెద్దది గుంటంట కదా. ఎవరి పోలిక? పాలకి ఏటి సేత్తన్నావురా?"

చెప్పాలంటే, ఆ క్షణంలో నా గుండె కరిగింది. అమ్మ నన్ను చంపాలో, మనవల్ని చూడ్డానికి సాయంత్రం బండికి బయల్దేరాలో తేల్చుకోలేక ఊగుతోంది. ఫోటో ఏమన్నా ఉందేమోనని నా చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. సేఠ్ కట్టిన కాగితపు పొట్లం చేతికొచ్చింది. విప్పింది. అమ్మకి చదవడం రాదు. చదవడం రానివాళ్ళ కోసమే కదా ప్రభుత్వం లోపలి వాటి మీద ఆ ఎర్ర త్రికోణం బొమ్మ పెట్టింది. పథకం సంపూర్ణంగా విజయవంతమైంది.

"ఇద్దరు పుట్టినాక ఇప్పుడొచ్చిందేటిరా బుద్ది?" అంది అమ్మ.

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న నా చెంపదెబ్బకి చెయ్యి సిద్ధం చేసుకుంటున్నాడు. అన్నయ్య కోసం చూశాను. పెరట్లో సైకిల్ చెయిన్ శబ్దం వినబడింది. నాకు రెండే దారులు. నిజం చెప్తే దెబ్బ తప్పుతుంది, కానీ వదిన బీఎడ్‌కి ఆ గుమ్మంలోనే మంగళం పాడేస్తారు. మనవల కోసం ఇంత కరువులో ఉన్న అత్తగారికి, కోడలు పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటోందని కాలనీ ముందు ఎలా చెప్పడం? ఆ కర్గీ రోడ్ సంసారాన్నే ఒప్పేసుకుందామని నిర్ణయించుకున్నాను. భార్య పేరేం పెడదామా అని ఆలోచిస్తున్నాను కూడా.

అప్పుడు వంటింట్లోంచి వదిన వచ్చింది. చేతికి పిండి ఉంది. మెల్లగా నడిచొచ్చి అమ్మ చేతిలోంచి ఆ పొట్లం తీసుకుంది.

"ఇవి నావి అత్తా. నేనే తెప్పించాను. మరిదికి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు."

గొంతు తగ్గించలేదు, పెంచలేదు. లెక్కకి జవాబు చెప్పినట్టు చెప్పింది. గుమ్మంలో పేరంటమంతా రేడియోలో ఆ ప్రకటన వచ్చినప్పటిలా అయిపోయింది. ఎవరికి వాళ్ళకి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చింది, కానీ ఎవరూ కదల్లేదు. నాన్న మాత్రం కదిలాడు. డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ రాకముందే చెప్పులేసుకుని, "కాల్‌బాయ్ వచ్చినట్టున్నాడు," అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"ఎందుకే?" అంది అమ్మ. కోపంగా కాదు. గంటలో ఇద్దరు మనవలొచ్చి, గంటలో ఇద్దరూ పోయిన మనిషి గొంతులా ఉంది.

"నాకు పిల్లలంటే ఇష్టమే అత్తా. కానీ ముందు పాసవ్వాలి. మధ్యలో మానెయ్యను." వదిన ఒకసారి గుమ్మం వైపు చూసింది. పక్క క్వార్టర్ కోడలు చంటివాణ్ణి ఎత్తుకుని అక్కడే ఉంది. "మానేస్తే మళ్ళీ ఎవరూ పంపరు. మీకు కోపమొస్తే నన్ను తిట్టండి. తిట్లు పడతాను, సీటు మాత్రం వదలను."

"ఆడికి తెల్సా?"

"తెలుసు."

"ఏడాడు?"

అన్నయ్య చేతులకి గ్రీజుతో వచ్చాడు. అమ్మ అతన్ని పై నుంచి కింద దాకా చూసింది. "నీకిష్టమేనా?"

అన్నయ్య తలూపాడు.

"మరి ఈ ఎర్రి గుంటణ్ణి అంపేవేటిరా? నీకు కాల్లు నేవా?"

అమ్మ తడిగుడ్డ మళ్ళీ తల మీద వేసుకుని లోపలికెళ్ళి పడుకుంది. ఆ పూట వంటంతా వదినే చేసింది. నేను రెండు చపాతీలు ఎక్కువే తిన్నాను. సంసార బాధ్యత తీరిన ఆకలి అది.

మర్నాడు పొద్దున్న అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, గుమ్మంలో నిలబడి, "నడు," అంది వదినతో. పుట్టింటికి పంపేస్తోందనుకుంది వదిన. అయినా ఎక్కడికని అడగలేదు. సర్టిఫికెట్లున్న ఫైలు చంకలో పెట్టుకుని మరీ బయల్దేరింది. ఆ ఫైలు వైపు చూసి నేను ఆ పిల్లకి మనసులో దండం పెట్టుకున్నాను. వాళ్ళిద్దరూ స్టేషన్ వైపు తిరగలేదు. ఆసుపత్రి వైపు తిరిగారు. అక్కడ జరిగింది వదిన తర్వాత చెప్పింది. అమ్మ కాంపౌండర్ మామ కిటికీ దగ్గరికి తిన్నగా వెళ్ళి, బెంచీ మీద కాలనీ అంతా వింటుండగా, "మా కోడలు సదువుకుంటన్నాది. ఆ ఎర్ర బొమ్మయి ఇయ్యి. మంచియి సూసి ఇయ్యి," అంది. మామ పెన్ను కింద పడేసి, దాన్ని వెతికే వంకతో చాలాసేపు బల్ల కిందే ఉండిపోయాడు. అమ్మ అంతటితో ఊరుకోలేదు. లోపల నర్సమ్మ దగ్గర కూర్చుని, మాత్ర సంగతేటి, లోపల పెట్టే లూప్ సంగతేటి, మళ్ళీ కావాలంటే పిల్లలు పుడతారా, నొప్పేమన్నా ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగి, విని, అర్థం కానిది మళ్ళీ చెప్పించుకుంది. వాళ్ళు లేచేసరికి పక్క క్వార్టర్ కోడలు చంటివాడితో సహా వెనక నిలబడి ఉందట.

వదిన బీఎడ్ పాసైంది. ఆ తర్వాత తనకి కావలసినప్పుడు, కావలసినన్నాళ్ళ తేడాతో ఇద్దర్ని కంది. కాలనీ బడిలో పాతికేళ్ళ పైనే లెక్కలు చెప్పింది. నా కొడుక్కి కూడా చెప్పింది. వాడికి లెక్కలు రాలేదు, అది వాడి తండ్రి పోలిక. నేను బ్యాంకులో చేరి, పెళ్ళాడి, ఎన్నో ఊళ్ళ మందుల కొట్లలో గోడ మీద క్యాలెండర్ వైపు వేలు చూపించి బతికాను. ఇప్పుడు మందుల కొట్టుకి వెళ్ళేది బీపీ మాత్రల కోసమే. ఎవరూ నన్ను ఏమీ అడగరు. అప్పుడప్పుడు గుర్తొస్తుంది, కర్గీ రోడ్‌లో నన్ను తెలివైనవాడన్న జనం, పెద్దదాని ముక్కూ మొహం, రెండోవాడి అల్లరి. ఒక గంటసేపే అయినా చాలా ముద్దుగా ఉండేవారు.

ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు మధ్యాహ్నం అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి, మంచి చీర మార్చుకోకుండానే గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వదిన లోపల ఏదో పాడుకుంటోంది. నేను పక్కన కూర్చుని, మంచి చేసుకుందామని, రెండు కాయలు అందుకున్నాను. అమ్మ ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుంది. తర్వాత, కోపం లేదు, బాధ లేదు, కూర ఏం వండాలో చెప్తున్నట్టు నా వైపు తిరిగి అంది:

"ఇయన్నీ నాకప్పుడే తెలిసుంటే, మీ అన్నయ్యతో ఆపీసుందునురా."